మూత వేసిన చెయ్యి

పోయిన వారం మనం ఈ ఇంటి చిన్నకోడల్ని పెద్ద చిక్కులోనే వదిలిపెట్టి వచ్చాం. మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కనున్న గది ఎవరిదనే తగువు అప్పటికే ముదిరి పాకాన పడింది. పనిచేసే ఆఫీసు మూతపడిన దగ్గర్నుంచి ఆమె ఆ గదిలోనే కూర్చుని, ఇంకా కట్టని ఇళ్లు కట్టాక ఎలా ఉంటాయో కంప్యూటర్లో బొమ్మలు చేసి ఇస్తోంది. భర్త అన్నగారికి, అంటే ఆమె బావగారికి, ఉన్నట్టుండి సరిగ్గా అదే గది కావాల్సి వచ్చింది. సామాను అట్టపెట్టెలు పెట్టుకోవాలట. ఊరి చివర షెడ్డులో కంప్యూటర్లు బారులు తీర్చి క్రిప్టో మైనింగ్ చేసే మనిషి ఆయన. ఇంట్లో ఆ విద్యకు గురువూ ఆయనే, పరీక్షాధికారీ ఆయనే. అలాంటాయన ముందు చిన్నకోడలు నోరు జారింది. పెద్ద కంప్యూటర్లలో పెట్టే గ్రాఫిక్స్ కార్డుని తన పాత లాప్‌టాప్‌కి బయటనుంచి తగిలిస్తాననీ, దాంతో బొమ్మలు తొందరగా చేసుకుని, ఖాళీ వేళల్లో మైనింగ్ కూడా చేస్తాననీ అంది. బావగారు పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ నవ్వులోంచే పందెం పుట్టింది. ఆదివారం అందరి ముందూ ఆ కార్డు ఒక్క లెక్క చేసి, అవతలివాళ్లు దాన్ని ఒప్పుకున్నట్టు తెరమీద కనిపిస్తే గది ఆమెది. కనిపించకపోతే సాయంత్రానికల్లా ఖాళీ చెయ్యాలి.

ఆ ఆదివారం రానే వచ్చింది.

రావడం సరే, ఆమె చేతిలో మాత్రం ఏమీ లేదు. ఈ సంగతి మీకూ నాకూ ఆమె భర్తకీ తప్ప ఇంకెవరికీ తెలియదు. కార్డు తగిలించిన దగ్గర్నుంచి ఎన్నిసార్లు ప్రయత్నించినా లాప్‌టాప్ దాన్ని గుర్తుపట్టడం, వెంటనే పేరు పక్కన ఓ పసుపు రంగు గుర్తు పెట్టి చోటు చాలదనడం, ఇదే వరస. ఇంటికి చుట్టాలొస్తే గుమ్మంలోనే నిలబెట్టి మంచినీళ్లిచ్చి పంపేసినట్టుంది దాని వ్యవహారం. భర్త ఫిజియోథెరపిస్టు. పట్టేసిన నడుములూ మొరాయించే మోకాళ్లూ అతని లోకం. ఆ పొద్దున గదిలోకి వచ్చి, అడుగు మూత ఊడదీసి రెండు ఇటుకల మీద ఎత్తిపెట్టిన లాప్‌టాప్‌ని చూసి, దీనికి నడుం నొప్పి వచ్చినట్టుందే అన్నాడు. ఆమె నవ్వలేదు. అతను కుర్చీలు సర్దాడు.

చూడ్డానికి ఆ అమరిక దర్జాగా ఏమీ ఉండదు. లాప్‌టాప్ లోపల వైఫై ముక్క ఉండాల్సిన చిన్న సందులోంచి దాన్ని తీసేసి, అక్కడ ఓ తీగ గుచ్చింది. ఆ తీగ రెండో కొస అరచేతి వెడల్పు పలక ఒకదానికి తగిలించి ఉంది. పలక మీద గ్రాఫిక్స్ కార్డు నిటారుగా నిలబడింది. లాప్‌టాప్ కంటే కార్డే బరువు. దానికి కావలసినంత కరెంటు లాప్‌టాప్ ఎక్కడ ఇవ్వగలదు? అందుకని పాత డెస్క్‌టాప్‌లోంచి ఊడదీసిన పవర్ సప్లై డబ్బా పక్కనే కూర్చుంది. ఆ డబ్బా కంప్యూటర్ చెబితే తప్ప మేలుకోదు. ఇక్కడ చెప్పేవాళ్లెవరూ లేరు కాబట్టి, దాని ఆకుపచ్చ తీగనీ నల్ల తీగనీ ఓ తలపిన్నుతో కలిపింది. పిన్ను తలలోంచి తీసిందే. వైఫై పోయింది కనక ఇంటర్నెట్‌కి ఫోన్‌ని తీగతో కట్టింది.

అందరికంటే ముందు అత్తగారు వచ్చారు. కరెంటు పని అంటే ఆవిడకి హడలు. రబ్బరు చెప్పులు వేసుకుని, కుర్చీ గుమ్మం అవతల వేయించుకుని, కాళ్లు నేలకి ఆన్చకుండా కూర్చున్నారు. పందెం సంగతి ఆవిడకి తెలుసు. తీర్పు చెప్పాల్సింది తనే అనీ తెలుసు. అసలా పని ఏమిటో మాత్రం ఎవరూ అర్థమయ్యేలా చెప్పలేదు. పెద్దకొడుకుని అడిగితే నీకెందుకమ్మా అంటాడు. అందుకని కోడల్నే అడిగారు, ఈ లెక్కలు ఎవరివి, ఎవరికోసం చేస్తారు అని.

చిన్నకోడలు చేస్తున్న పని ఆపి ఓపిగ్గా చెప్పింది. కంప్యూటర్లలో మాత్రమే ఉండే నాణేలు కొన్ని ఉన్నాయి. అవి ఒకరినుంచి ఒకరికి వెళ్లినప్పుడల్లా అది నిజమేనని ఖాయం చెయ్యాలంటే ఓ గడ్డు లెక్క విప్పాలి. ఒక్కరి వల్ల కాదు కాబట్టి నలుగురూ కలిసి ఓ జట్టుగా చేస్తారు. ఎవరు చేసిన పని సరైనదని జట్టువాళ్లు ఒప్పుకుంటే వాళ్లకి ఆ మేరకు కూలి.

"అంటే పరీక్ష రాస్తే ఎదురు డబ్బులు వాళ్లే ఇస్తారా?" అన్నారు అత్తగారు. "నయమే. మీ ఆయన రాసుంటే మనమే ఎదురిచ్చుకోవాల్సి వచ్చేది."

భర్త వినపడనట్టు కిటికీ తలుపు తుడిచాడు.

ఇంతలో బావగారు వచ్చారు, ఇస్త్రీ చొక్కాతో, పెళ్లికి వచ్చినట్టు. వెనకాలే తోడికోడలు, ఆమెకి అక్క వరస, కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి గోడకి ఆనుకుని నిలబడింది. ఈ అక్క సంగతి మీకు చెప్పాను కదా, తక్కువ మాట్లాడే మనిషి. ఈ తగువులో ఇంతవరకూ అటుగానీ ఇటుగానీ ఒక్క ముక్క అనలేదు. ఆ మౌనాన్ని ఎవరికి తోచినట్టు వాళ్లు అర్థం చేసుకున్నారు. మొగుడి పక్షమే అయి ఉంటుందని చిన్నకోడలు అనుకుంది.

బావగారు గది మధ్యలో నిలబడి ఆ తీగా, పలకా, పిన్నూ, ఇటుకలూ అన్నిటినీ ఓ చుట్టు చూశారు. ఏ గోడ పక్క ఎన్ని పెట్టెలు పడతాయో కూడా అప్పుడే కళ్లతో కొలిచేసుకున్నారని చిన్నకోడలికి అనిపించింది. ఒళ్లు మండింది. అయినా కుర్చీ చూపించింది.

"వైఫై ముక్క దూరే సందులోంచి ఇంత కార్డుని నడిపిస్తావన్నమాట," అన్నారాయన. "సందులోంచి లారీ తోలడం ఇదే చూడ్డం."

"లారీ తోలట్లేదు బావగారూ. ఆటలాడాలంటే బొమ్మలన్నీ అటూ ఇటూ తిరగాలి, అప్పుడు సందు చాలదు నిజమే. మైనింగ్‌కి అంత రాకపోకలెక్కడివి? లెక్క చీటీ ఒకటి లోపలికెళ్తుంది, జవాబు చీటీ బయటికొస్తుంది. చీటీకి ఆ సందు చాలు."

ఇది ఆయనకి తెలియని విషయమేం కాదు. ఆయన షెడ్డులో కూడా కార్డులు ఇలాంటి సన్నటి తీగల మీదే వేలాడేవి. తెలిసి కూడా అమ్మ ముందు లారీ మాట వాడారు. అందుకే ఇప్పుడు చేతులు కట్టుకున్నారు.

ఆమె గోడ స్విచ్ వేసింది. డబ్బా గుర్రుమంది, కార్డు మీద ఫ్యాన్లు తిరిగాయి. అత్తగారు కుర్చీని ఇంకాస్త వెనక్కి జరుపుకున్నారు. లాప్‌టాప్ ఆన్ అయింది. తెర వచ్చింది. కార్డు పేరు వచ్చింది. పేరు పక్కన పసుపు గుర్తూ వచ్చింది.

ఆ గుర్తు చూడగానే బావగారు ముందుకి వంగి, అక్కడ రాసున్నదాన్ని అందరికీ వినపడేలా చదివారు. చదివి ఊరుకోక, దీని భావమేమిటంటే కార్డుకి ఈ లాప్‌టాప్‌లో చోటు లేదని, అది తాను మొదటిరోజే చెప్పానని, డెస్క్‌టాప్ అనేది దేవుడు ఇందుకే పెట్టాడని వివరించారు. చిన్నకోడలికి చెవులు వేడెక్కాయి. అనుకున్నదే జరిగింది, అయినా అందరి ముందూ జరిగితే ఆ బాధే వేరు.

ఇంకా ఒకటి మిగిలి ఉంది. లాప్‌టాప్ లోపల పుట్టుకతో ఉన్న చిన్న గ్రాఫిక్స్ చిప్పుని ఆపేస్తే దాని చోటు దీనికి దక్కుతుందేమోనని రాత్రి పడుకోబోతూ తట్టింది. దానికి ముందు లాప్‌టాప్ ఒంటరిగా లేవాలి. కార్డు వైపు స్విచ్ కట్టేసి, లాప్‌టాప్‌ని ఆపి మళ్లీ ఆన్ చేసింది. కార్డు లేకపోయేసరికి అది హాయిగా, ఏ గొడవా లేకుండా లేచి కూర్చుంది. ఆమె ఆ చిప్పు ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టింది.

సరిగ్గా అప్పుడే బావగారి చెయ్యి ఆమె భుజం మీదుగా వచ్చింది. లాప్‌టాప్ మూత పట్టుకుని టప్పున మూసేసింది. ఆమె వేళ్లు వెనక్కి లాక్కోకపోతే నలిగేవే.

"ఇంక చాలమ్మా," అన్నారాయన. గొంతులో జాలి కూడా కలిపారు. "చూసేవాళ్లకే కష్టంగా ఉంది."

చిన్నకోడలు ఆ మూత వంక చూస్తూ ఉండిపోయింది. ఏడుపు గొంతుదాకా వచ్చింది. దాన్ని మింగడానికే బలమంతా సరిపోయింది. భర్త కిటికీ దగ్గర్నుంచి ఓ అడుగు ముందుకి వేశాడు, అన్నయ్యా అన్నాడు. అన్నగారి ముందు అతని మాట ఎప్పుడూ అక్కడే ఆగుతుంది.

"నేనింకా పని చేస్తున్నాను బావగారూ," అంది ఆమె చివరికి.

అప్పుడు లేచారు అత్తగారు. కరెంటుకి భయపడి గుమ్మం అవతల కూర్చున్న మనిషి, రబ్బరు చెప్పులు చప్పుడు చేస్తుండగా నడుచుకుంటూ లోపలికి వచ్చారు. పెద్దకొడుకు ముందు నిలబడి, ఆ మూత మీదే ఉన్న అతని చేతిని చూశారు.

"తింటున్నవాళ్ల ముందునుంచి కంచం లాగడం నేను నేర్పానట్రా నీకు?" అన్నారు. "చెయ్యి తియ్యి. పని చేసేవాళ్లు అయిపోయిందంటే అయిపోయినట్టు. అమ్మాయ్, ఏ మీట నొక్కాలో చెప్పు."

"మీరెందుకత్తయ్యా, నేను..."

"నేనే నొక్కుతాను. పోతే ఇద్దరం పోదాం."

చిన్నకోడలు గోడ మీద స్విచ్ చూపించింది. అత్తగారు కళ్లు గట్టిగా మూసుకుని చూపుడువేలితో నొక్కారు. డబ్బా గుర్రుమంది. ఫ్యాన్లు తిరిగాయి. ఆవిడ ఓ కన్ను తెరిచి, తాను ఇంకా ఉన్నట్టు నిర్ధారణ చేసుకుని, పక్కకి తప్పుకున్నారు.

చిన్నకోడలు మూత ఎత్తింది. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో ఆమెకి ఆశేమీ లేదు. స్విచ్ ముందే వేసేశారే, ఇప్పుడు మళ్లీ అంతా ఆపి మొదట్నుంచి చెయ్యాలి కాబోలనే విసుగుతోనే ఎత్తింది. లాప్‌టాప్ నిద్రలోంచి లేచింది. ఏదో కొత్త వస్తువు తగిలినప్పుడు చేసే చిన్న చప్పుడు చేసింది. వెంటనే తెర మొత్తం నల్లగా అయిపోయింది.

"అయ్యో, దాని ప్రాణం పోయింది," అన్నారు అత్తగారు.

పోలేదు. తెర తిరిగి వచ్చింది. కార్డు పేరు వచ్చింది. పేరు పక్కన ఏమీ లేదు. చిన్నకోడలు ఆ ఖాళీ జాగాని వేలితో తడిమి చూసింది, పసుపు గుర్తు తెర మీద మరకలా ఎక్కడైనా దాక్కుందేమోనని. లేదు. ఏమైందో బుర్రకి ఇంకా అందలేదుగానీ చేతులకి అందింది. అవి వాటంతటవే మైనింగ్ ప్రోగ్రాం తెరిచాయి.

నల్ల కిటికీ ఒకటి తెరుచుకుంది. అందులో తెల్ల అక్షరాలు బిలబిలమంటూ పైకి పాకాయి. కార్డు ఫ్యాన్ల చప్పుడు సన్నగా మొదలై హోరుగా మారింది. భర్త వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు, కుర్చీ వెన్ను పట్టుకుని. తెల్ల గీతలు వస్తున్నాయి, పోతున్నాయి. అంతలో వాటి మధ్య ఓ పచ్చ గీత వచ్చింది.

"యాక్సెప్టెడ్," అని చదివాడు భర్త. "ఒప్పుకున్నారమ్మా. లెక్క ఒప్పుకున్నారు."

దాని కింద ఇంకో పచ్చ గీత వచ్చింది. ఆ కింద ఇంకోటి.

అత్తగారు తీర్పు కోసం నోరు తెరిచారో లేదో బావగారు అందుకున్నారు. ఇది గాలివాటంగా వచ్చిందన్నారు. ఇలాంటివి ఒక్కోసారి పనిచేస్తాయనీ, ఆపి మళ్లీ పెడితే ఛస్తే రాదనీ, రేపు రానిదానికి ఈవేళ గది ఎలా రాసిస్తామనీ వాదించారు. అందులో అన్యాయమేం లేదు. చిన్నకోడలు కూడా అదే ఆలోచిస్తోంది. ఇన్నాళ్లూ రానిది ఈవేళ ఎందుకొచ్చింది? పొద్దుట్నుంచి జరిగినదంతా ఒక్కొక్కటే వెనక్కి తిప్పి చూసుకుంది. స్విచ్ కట్టెయ్యడం. లాప్‌టాప్ ఒంటరిగా లేవడం. ఆ చెయ్యి. ఆ మూత.

మూత.

ఆమె మొహం విప్పారిపోయింది. పకపకా నవ్వొచ్చింది కూడా, బావగారు ఏమనుకుంటారోనని పెదవి కరుచుకుంది.

"సరే బావగారూ, మళ్లీ చేద్దాం," అంది. "కానీ ఈసారి కూడా మూత మీరే వెయ్యాలి."

ఆయనకి అర్థం కాలేదు. ఆమె విడమరిచి చెప్పింది. లాప్‌టాప్ ఆన్ చేసిన మొదటి క్షణంలో లోపల ఓ పాతకాలపు పెద్దమనిషి లేస్తాడు. ఎవరెవరు ఉన్నారో చూసి అందరికీ గదులు పంచుతాడు. ఆయనకి కింది అంతస్తే తెలుసు, మేడ కట్టిన సంగతే తెలియదు. ఇంత పెద్ద కార్డు అప్పుడే ఎదురుపడితే చోటు లేదు పొమ్మంటాడు. పంపకం ముగించి ఆయన పడుకున్నాక పెత్తనమంతా విండోస్‌ది. దానికి మేడ గదులన్నీ తెలుసు. కాబట్టి ఆ పెద్దమనిషి ఉన్నంతసేపూ కార్డుని కనపడనివ్వకూడదు. లాప్‌టాప్ ఒంటరిగా లేవాలి, తర్వాత కాస్త కునుకు తియ్యాలి, ఆ కునుకులో ఉండగా కార్డుకి కరెంటు ఇవ్వాలి. లేచేసరికి కొత్తగా వచ్చినదాన్ని విండోస్ చూసుకుని చోటిస్తుంది.

"మూత వేస్తే అది కునుకు తీస్తుంది. నేనిన్నాళ్లూ ఆన్ చేసేటప్పుడే కార్డుని పక్కన నిలబెడుతున్నాను, మీ షెడ్డులో అన్నీ ఒకేసారి వేస్తారు కదా, అది చూసి. మూత వెయ్యాలని తట్టనే లేదు. మీరు వేశారు."

"దానిక్కూడా గదుల గొడవేనా?" అన్నారు అత్తగారు.

మొదట నవ్వింది అక్క. గోడకి ఆనుకున్న మనిషి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వింది. తర్వాత భర్త. చివరికి అత్తగారు, తానేం అన్నారో తెలిసి.

అంతా ఆపేశారు. లాప్‌టాప్‌ని ఒంటరిగా లేపింది. లేచాక పక్కకి జరిగి బావగారికి దారి ఇచ్చింది. ఆయన వచ్చారు. తప్పించుకునే దారి లేదు, ఆపి మళ్లీ పెడితే రాదన్నది ఆయనే. మూత మీద చెయ్యి వేశారు.

"అంత గట్టిగా అక్కర్లేదండీ," అంది చిన్నకోడలు. "మెల్లగా చాలు."

మెల్లగానే వేశారు. అత్తగారు ఈసారి కళ్లు తెరిచే స్విచ్ నొక్కారు, పుట్టినప్పట్నుంచీ అదే పని చేస్తున్నట్టు. చిన్నకోడలు మూత ఎత్తింది. చిన్న చప్పుడు, నల్ల తెర, మళ్లీ వెలుగు. పేరు పక్కన ఏమీ లేదు. ప్రోగ్రాం తెరిచింది. తెల్ల గీతలు పాకాయి. బావగారు అందరికంటే దగ్గరగా నిలబడి చూస్తున్నారు, రెప్ప వెయ్యకుండా. పచ్చ గీత వచ్చింది.

ఆమె దాన్ని చదవలేదు. చదవమని ఎవరినీ అడగలేదు. బావగారే చదివారు, లోపల్లోపలే, పెదాలు మాత్రం కదిలాయి.

"అయింది," అన్నారు అత్తగారు. "గది చిన్నదానిది. మళ్లీ ఈ ఇంట్లో ఆ మాట ఎత్తినవాళ్లకి నా చేత్తో అన్నం లేదు. పదండి కిందికి, ఆకలేస్తోంది."

అందరూ లేచారు. అక్క మాత్రం ఓ నిమిషం ఆగి కార్డు దగ్గరికి వచ్చింది. కార్డుని కాదు, గోడనుంచి డబ్బాకి వచ్చే తీగని పట్టుకుని చూసింది. షెడ్డులో తీగలు ముట్టుకుంటే చెయ్యి కాలేది, ఇది వేడెక్కలేదే అంది, తనలో తాను అనుకుంటున్నట్టు. ఒక్క కార్డుకి ఎందుకు వేడెక్కుతుందక్కా అంది చిన్నకోడలు. అక్క తలూపి వెళ్లిపోయింది.

ఒంటరిగా మిగిలాక చిన్నకోడలు నేలమీద కూలబడింది. గోడకి వీపు ఆన్చి, కాళ్లు బార్లా చాపుకుని, ఫ్యాన్ల హోరు వింటూ కూర్చుంది. ఇందాక మింగిన ఏడుపు ఇప్పుడు వచ్చింది, నవ్వుతో కలిసి. ఆఫీసు మూసేసిన రోజున తన కుర్చీ ఎవరో ఎత్తుకుపోతుంటే గుమ్మంలో నిలబడి చూసిన మనిషి ఆమె. ఇంక ఈ కుర్చీ ఎవరూ ఎత్తుకుపోలేరు. ఈ కిటికీ తనది, ఈ పెచ్చులూడిన గోడ తనది. గెలిచాను అని పైకే అంది, ఎలా ఉంటుందో విందామని. బాగుంది. ఇంకోసారి అంది.

భోజనాలయ్యాయి. బావగారు తల ఎత్తకుండా తిని చెయ్యి కడుక్కున్నారు. అత్తగారు తాను స్విచ్ ఎలా నొక్కారో పక్కింటావిడకి గోడమీంచి చెబుతున్నారు, ప్రతిసారీ ప్రమాదం కాస్త పెంచి. భర్త కునుకు తీశాడు. చిన్నకోడలు పైకి వచ్చి, మైనింగ్ ఆపి, బొమ్మ ఒకటి పెట్టింది. అంతకు ముందు పూటంతా నానిన బొమ్మ, కార్డు చెయ్యి పడేసరికి కళ్లముందే తెరుచుకుంది. వరండా మీద ఎండ, మెట్ల మీద నీడ, అన్నీ చకచకా వచ్చి కూర్చుంటున్నాయి. ఆమెకి కేక పెట్టాలనిపించింది.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. బావగారు. చొక్కా మార్చుకున్నారు, మొహం కూడా మార్చుకున్నట్టే ఉంది. గుమ్మం దగ్గర ఆగి, లోపలికి రావచ్చా అని అడిగారు. ఈ ఇంట్లో ఆయన ఎవరినీ ఆ మాట అడగ్గా ఆమె వినలేదు.

కుర్చీ ఇస్తే కూర్చోలేదు. కార్డు వంక చూస్తూ నిలబడ్డారు.

"షెడ్డు మూతపడిందమ్మా," అన్నారు చివరికి. "ఉన్నట్టుండి కరెంటాఫీసు వాళ్లొచ్చి లైను కోసేశారు. మళ్లీ ఇచ్చేది లేదన్నారు."

ఆమె నమ్మలేదు. మరి రోజూ పొద్దున్నే తాళంచెవి ఊపుకుంటూ ఎక్కడికి వెళ్తున్నారని అడిగింది. షెడ్డు ముందు అరుగు మీద కూర్చుని సాయంత్రం దాకా కాలక్షేపం చేసి వస్తున్నానన్నారు. కంప్యూటర్లు అమ్మేశారట, అద్దెల కింద. కార్డులు మాత్రం అమ్మబుద్ధి కాలేదట. అవి పెట్టెల్లో పెట్టి అక్కడే ఉంచితే షెడ్డు కారుతోంది, తేమకి తుప్పు పడతాయి. పొడిగా ఉండే గది ఇంట్లో ఇదొక్కటే. సామాను అని చెప్పిన పెట్టెలు అవే.

"పొద్దున నువ్వు ఓడిపోవాలనే వచ్చాను," అన్నారు. "ఆ మొదటిసారి మూత వేశానే, అది కోపంతో వేశాను. రెండోసారి వేసేటప్పుడు మాత్రం రావాలి దేవుడా అనుకున్నాను. కార్డులున్నాయి, వాటిని నడిపే కంప్యూటర్లు లేవు. నువ్వు ఇంత పాత లాప్‌టాప్‌తో నడిపించావు. పాత లాప్‌టాప్‌లు ఎవరింట్లో చూసినా అటకెక్కి ఉంటాయి. నాకు నేర్పుతావా?"

చిన్నకోడలికి ఇందాకటి గెలుపు చిన్నదైపోయింది. గది గెలవడం ఒక ఎత్తు, ఈ మనిషి నోట నేర్పుతావా అనే మాట వినడం ఒక ఎత్తు. జాలి వేసింది. కానీ జాలిపడి గది జారవిడుచుకునే రకం కాదు ఆమె. ఆలోచించుకుని చెప్పింది.

"నేర్పుతాను. గది మాత్రం నాది. ఒకే స్విచ్‌కి అన్నీ తగిలించనివ్వను, ఇది బొమ్మల గది, షెడ్డు కాదు. ఓ మూలన పెట్టెలు పెట్టుకోండి, ఒక్కో కార్డూ ఒక్కో లాప్‌టాప్‌తో నడిపి చూద్దాం. తలుపు మీద పేరు నాదే ఉంటుంది."

"ఉండనీ," అన్నారాయన.

"ఇంకొకటి. షెడ్డు మూతపడిందని కింద మీరే చెప్పాలి. అత్తయ్యకి తర్వాతైనా సరే. అక్కకి మాత్రం ఈవేళే. ఆవిడ దగ్గర దాచిన సంగతి నా గదిలో పెట్టుకోలేను."

అన్ని షరతులకీ తలూపిన మనిషి దీనికి మాత్రం నుదురు రుద్దుకున్నారు. ఆవిడకి ఏ మొహం పెట్టుకుని చెప్పను అన్నారు. ఎంత వద్దన్నా వినకుండా పెట్టిన షెడ్డు అది. చివరికి గట్టిగా ఊపిరి వదిలి, సరే, ఇప్పుడే వెళ్లి చెబుతాను అంటూ గుమ్మం వైపు తిరిగారు.

తిరిగి అక్కడే ఆగిపోయారు. మెట్ల మీద అక్క నిలబడి ఉంది. చేతిలో రెండు టీ గ్లాసులు. వాటి మీద పొగ లేదు. వచ్చి ఎంతసేపైందో ఆ చల్లారిన టీయే చెబుతోంది.

అక్క మొగుడి వంక చూడలేదు. లోపలికి వచ్చి గ్లాసులు బల్ల మీద పెట్టింది. చిన్నకోడలి పక్కన నిలబడి, ఎప్పటిలాగే నెమ్మదిగా, వంటింట్లో ఉప్పు అడిగినంత మామూలుగా అంది.

"ఆయనేం చెప్పక్కర్లేదులే చెల్లీ. ఆ షెడ్డుకి కరెంటు తీయించింది నేనే."